పంపింగ్ 50కి వచ్చింది, గోలీలు ఆపేయొచ్చా?

డైలేటెడ్ కార్డియోమయోపతి (గుండె కండరం బలహీనపడి, గుండె సాగిపోయే జబ్బు) పేషెంట్లు కొందరు ఓపీలో కూర్చోకముందే అడుగుతారు: "సార్, పంపింగ్ 50 అయింది కదా, ఇక గోలీలు బంద్ చేయొచ్చా?" అడిగినవాళ్లు నయం. అడక్కుండా ఆపేసినవాళ్లు కొన్ని నెలలకు ఆయాసంతో, కాళ్ల వాపుతో ఎమర్జెన్సీకి వస్తారు.

అపోహ: ఈఎఫ్ (గుండె కొట్టుకున్న ప్రతిసారీ బయటికి పంపే రక్తం శాతం, అదే పంపింగ్) నార్మల్ అయితే జబ్బు పోయినట్టే.

వాస్తవం: ఆ 50 మందుల మీద వచ్చిన 50. కండరంలోని లోపం చాలామందిలో అలాగే ఉంటుంది. బ్రిటన్‌లో జరిగిన ట్రెడ్-హెచ్ఎఫ్ అధ్యయనం ఫలితాలు 2018లో వచ్చాయి. ఈఎఫ్ 50కి చేరి, గుండె సైజు మామూలై, ఏ ఇబ్బందీ లేని 51 మందిని తీసుకున్నారు. 25 మందికి మందులు మెల్లమెల్లగా తగ్గించుకుంటూ వచ్చారు. ఆరు నెలల్లో 11 మందికి తిరగబెట్టింది. మందులు కొనసాగించిన 26 మందిలో ఒక్కరికీ తిరగబెట్టలేదు. అదీ డాక్టర్ల కళ్లముందు, ఎంఆర్ఐలు తీస్తూ ఆపితే! స్ట్రిప్పు అయిపోయిందని బీటా బ్లాకర్ (గుండె వేగం తగ్గించే మెటోప్రొలాల్ లాంటి మందు) ఒక్కరోజులో మానేస్తే గుండె వేగం పెరుగుతుంది, రిథమ్ కూడా చెడొచ్చు. మద్యం వల్లో, థైరాయిడ్ వల్లో, కాన్పు సమయంలోనో వచ్చిన జబ్బు లెక్క కొంచెం వేరు. అయినా తగ్గించాలా వద్దా అన్నది మీ కార్డియాలజిస్టు తేల్చాలి, పక్కింటాయన కాదు.

ఆపించేది ఎక్కువగా చుట్టాలే. "బీపీ 100 ఉంటే ఇంకా బీపీ గోలీ ఎందుకు?" మెటోప్రొలాల్, శాక్యుబిట్రిల్-వల్సార్టాన్ ఇక్కడ బీపీ కోసం కాదు, గుండె కోసం. తల తిరగకపోతే పై బీపీ 100 ఉన్నా సాధారణంగా ఫర్వాలేదు. తిరిగితే చెప్పండి: ఒంట్లో నీరు లేకపోతే ముందు లాసిక్స్ (నీరు తీసే గోలీ) తగ్గిస్తాం, గోలీలు వేసుకునే వేళలు మారుస్తాం. "షుగర్ లేదు కదా, డాపాగ్లిఫ్లోజిన్ ఎందుకు?" అదీ గుండెకే.

"కిడ్నీలు పోతాయట" అన్న పుకారు మరొకటి. మొదట్లో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) కాస్త పెరగడం మామూలే. 30 శాతం లోపైతే సాధారణంగా మందు ఆపం. ఈ మందులతో రక్తంలో పొటాషియం కూడా పెరగొచ్చు; అది 5.5 దాటితే స్పైరనోలాక్టోన్ (గుండె కోసమే ఇచ్చే మరో గోలీ) సగం చేస్తాం, 6 దాటితే ఆపేస్తాం. మందు మొదలుపెట్టిన ఒకటి రెండు వారాల్లో రక్తపరీక్ష రాసేది ఇందుకే, ల్యాబుకు బిల్లు కట్టించడానికి కాదు. కిడ్నీకి అసలు చేటు మోకాళ్ల నొప్పికని షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్. మేలని కొనే లో-సోడియం ఉప్పులో ఉండేది పొటాషియమే. ఎండలకు రోజూ తాగే కొబ్బరినీళ్లలోనూ అది ఎక్కువే.

మిగతావి గబగబా. పంపింగ్ 25 అంటే పావు గుండె మిగిలిందని కాదు, నార్మలే 55 నుంచి 70. ఆ ఒక్క అంకె చూసి ఎన్నేళ్లు బతుకుతారో ఎవరూ చెప్పలేరు. ఎంఆర్ఐలో మచ్చలు, ఈసీజీలో క్యూఆర్ఎస్ (గుండె కింది గదుల విద్యుత్ సంకేతం) వెడల్పు, మొదటి ఆరు నెలల్లో మందులకు గుండె ఎలా స్పందించింది అన్నవీ చూడాలి. 25తో వచ్చి భయపడిపోయినవాళ్లలో 50కి చేరేవాళ్లూ ఉంటారు. "స్టెంట్ వేస్తే సరిపోదా?" అంటారు కొందరు; రక్తనాళాల్లో బ్లాకులే లేనప్పుడు స్టెంట్ ఎక్కడ వేస్తారు? ఐసీడీ (ఛాతీలో అమర్చే చిన్న షాక్ మిషన్) పంపింగ్ పెంచదు, ప్రాణాంతక రిథమ్ వస్తే షాక్ ఇస్తుంది. కనీసం మూడు నెలలు పూర్తి మందులు వాడాక కూడా ఈఎఫ్ 35 దాటకపోతే దాని గురించి ఆలోచిస్తాం. గుండెలో రక్తం గడ్డ కట్టి మెదడుకు వెళ్లొచ్చు: మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే 108.

రోజూ పొద్దున బాత్రూమ్‌కు వెళ్లొచ్చాక, టిఫిన్‌కు ముందు, అదే మిషన్ మీద బరువు చూసి రాసుకోండి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది ఒళ్లు చేయడం కాదు, నీరు. ఆయాసం వచ్చేదాకా చూడకుండా ఆ రోజే ఫోన్ చేయండి.

కారణం తేలని కేసుల్లో తోబుట్టువులకు, పిల్లలకు ఒకసారి ఈసీజీ, ఎకో తీయించాలి. ఇప్పుడు నార్మల్ వచ్చినా కొన్నేళ్లకోసారి మళ్లీ చూపించుకోవాలి.