రెండో ఏడాది నుంచే అసలు పని

బరువు తగ్గించే ఆపరేషన్ల ప్రకటనల్లో రెండు ఫొటోలు పక్కపక్కన వేస్తారు. ఒకటి ఆపరేషన్‌కి ముందు, ఇంకొకటి తర్వాత. ఆ రెండోది ఎప్పుడు తీసిందో మాత్రం రాయరు. ఏడాదికో ఏడాదిన్నరకో తీసి ఉంటారని నా అనుమానం, ఎందుకంటే మనిషి అన్నిటికంటే సన్నగా కనిపించేది అప్పుడే. అయిదేళ్ల తర్వాత తీసిన ఫొటోతో ప్రకటన వేసిన ఆసుపత్రిని నేనింతవరకు చూడలేదు.

ఆ ఫొటో తర్వాత ఏమవుతుందో స్వీడన్‌లో 1987లో మొదలైన ఒక అధ్యయనం ఓపిగ్గా లెక్కగట్టింది. ఆపరేషన్ చేయించుకున్న 2010 మందినీ, మామూలు వైద్యంతో ఉన్న 2037 మందినీ ఏళ్ల తరబడి గమనించారు. 2007లో వెలువడిన ఫలితాల ప్రకారం, గ్యాస్ట్రిక్ బైపాస్ (కడుపుని చిన్న సంచిలా చేసి నేరుగా పేగుకి అతికే ఆపరేషన్) చేయించుకున్నవాళ్లు మొదటి ఒకటి రెండేళ్లలో సగటున 32 శాతం బరువు తగ్గారు. పదేళ్లకి చూస్తే ఆ తగ్గుదల 25 శాతం. అంటే 120 కిలోల మనిషి 82 దాకా దిగి, మెల్లగా 90కి చేరాడన్నమాట. ఆపరేషన్ లేని గుంపులో బరువు రెండు శాతం అటూ ఇటూ తప్ప కదల్లేదు. మరణాలు కూడా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలోనే తక్కువ. కాబట్టి ఆపరేషన్ పనిచేస్తుందా లేదా అన్న చర్చ అనవసరం. మనం మాట్లాడుకోవాల్సింది తిరిగొచ్చిన ఆ ఎనిమిది కిలోల గురించి. ఎనిమిది అనేది సగటు మాత్రమే. కొందరికి రెండే వస్తాయి, కొందరికి పాతిక వస్తాయి.

కడుపు చిన్నది చేశారు కాబట్టి తక్కువ తింటారు, అందుకే బరువు తగ్గుతారు అని చాలామంది అనుకుంటారు. అది సగం సంగతే. మన దగ్గర ఎక్కువగా చేసే స్లీవ్ ఆపరేషన్‌లో కడుపులో మూడొంతుల పైనే కోసి తీసేస్తారు, సన్నటి గొట్టంలాంటిది మిగులుతుంది. తీసేసిన భాగంలో కడుపు పైన ఉబ్బుగా ఉండే చోటు కూడా పోతుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది అక్కడే. దాన్ని జపాన్ శాస్త్రవేత్తలు 1999లో కనిపెట్టారు. అటు పేగుల్లోకి తిండి త్వరగా చేరడంతో జీఎల్‌పీ-1 లాంటి హార్మోన్లు ఎక్కువగా విడుదలై, నాలుగు ముద్దలకే చాలనిపిస్తుంది. ఉపవాసాలతో, డైటింగ్‌తో బరువు తగ్గినప్పుడు సరిగ్గా దీనికి ఎదురు జరుగుతుంది. తగ్గేకొద్దీ గ్రెలిన్ పెరుగుతుందని 2002లో అమెరికా పరిశోధకులు చూపించారు. డైటింగ్ చేసేవాడు రోజూ తన ఒంటితోనే పోట్లాడాలి. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకి కొన్నాళ్లపాటు ఆ పోట్లాట ఉండదు.

కొన్నాళ్లే. ఏడాది, ఏడాదిన్నర దాటాక చాలామందికి ఆకలి మెల్లగా తిరిగొస్తుంది. మొదట్లో మూడు ముద్దలకి నిండిపోయిన కడుపు ఇప్పుడు చిన్న ప్లేటు పడుతుంది. తేలికపడ్డ ఒంటికి ఖర్చయ్యే శక్తి కూడా తక్కువే. సరిగ్గా ఇప్పుడే, బట్టలన్నీ వదులైపోయి, షుగరు మందు తగ్గి, అంతా బాగుందనిపించి, మనిషి చెకప్‌లకి వెళ్లడం మానేస్తాడు.

నాకు అర్థమైనంతలో ఈ విషయంలో జనం తిరగేసి ఆలోచిస్తున్నారు. మొదటి ఏడాదిని బరువు తగ్గడానికి వాడుకుంటున్నారు. ఆ ఏడాది ఏం చేసినా బరువు తగ్గుతుంది, దానికి మన గొప్పతనం పెద్దగా అక్కర్లేదు. ఆకలి నిద్రపోతున్న ఆ నెలల్లో చేసుకోవాల్సిన పని అలవాట్లు పాతుకునేలా చూసుకోవడం. దానికి వ్యవధి సరిపోతుంది కూడా. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మంది మీద చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక కొత్త పని ఆలోచించకుండా చేసే అలవాటుగా మారడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, కొందరికైతే 254 రోజుల దాకా పడుతుందని అంచనా. ఎంత మెల్లగా నేర్చుకునేవాళ్లకైనా ఆకలి తిరిగొచ్చేలోపు ఒకటి రెండు అలవాట్లు కుదురుకుంటాయి. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా ఏమీ రాలేదని కూడా అందులో తేలింది. పండగ రోజు గాడి తప్పితే ‘ఇంక అయిపోయింది’ అనుకునేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు ఆ ఎనిమిది కిలోలు ఎటునుంచి వస్తాయో చూద్దాం. బిర్యానీ నుంచి రావు. స్లీవ్ అయినవాళ్లు ప్లేటు బిర్యానీ తినాలన్నా తినలేరు. అమెరికాలో కెవిన్ హాల్ బృందం 2011లో ఇచ్చిన లెక్క ప్రకారం రోజుకి 24 కిలో కేలరీలు శాశ్వతంగా పెరిగితే, రెండు మూడేళ్లలో బరువు సుమారు ఒక కిలో పెరిగి అక్కడ నిలుస్తుంది. ఎనిమిది కిలోలకి రోజుకి 190 చిల్లర. చక్కెర వేసిన పాల టీ రెండు చిన్న కప్పులు, రెండు మేరీ బిస్కట్లు తీసుకుంటే దగ్గర దగ్గర అంతే.

పైగా చిన్నబడ్డ కడుపు అన్ని తిండ్లనీ ఒకేలా ఆపదు. గుడ్డు, చికెన్, పెసరట్టు, సెనగల గుగ్గిళ్లు లాంటివి కాసేపు నిలబడతాయి, చాలనిపిస్తాయి. టీలో ముంచిన బిస్కటు, ఐస్‌క్రీము, మామిడి రసం, గుప్పెడు గుప్పెడుగా నోట్లో వేసుకునే మిక్చరు జారిపోతాయి. అరగంటకి మళ్లీ చోటు ఖాళీ. ఏది తినమంటారో దాన్ని ఆపరేషన్ గట్టిగా అడ్డుకుంటుంది, వద్దన్నదాన్ని వదిలేస్తుంది. రోజంతా ఏదో ఒకటి కొద్దికొద్దిగా నముల్తూ ఉండడమనేది బరువు తిరిగి రావడంతో ముడిపడిన అలవాటని చాలా పరిశోధనల్లో కనిపించింది. మన ఇళ్లల్లో ఇది ఎక్కువగా వంటింట్లోనే జరుగుతుంది, అదీ తిండిగా లెక్కకి రాకుండా. పులుసు రుచి చూడడం, జంతికలు వేయిస్తూ విరిగిన ముక్కలు నోట్లో వేసుకోవడం, పిల్లలు కంచంలో వదిలేసిన పెరుగన్నం పారేయబుద్ధి కాక తినేయడం. ఆపరేషన్ చేయించుకున్న ఇల్లాలు రేపటినుంచి ఇంటిల్లిపాదికీ వండకుండా ఎవరూ ఆపరు కదా. డైట్ చార్టు ఇచ్చేటప్పుడు ‘మీ ఇంట్లో వంట ఎవరు చేస్తారు?’ అని అడగని డైటీషియన్ సగం పనే చేసినట్టు.

కంచంలో వరస కూడా మార్చుకోవాలి. మనం అన్నంతో మొదలుపెడతాం. పొడీ నెయ్యీ, ఆ తర్వాత పప్పు, కూర, పులుసు, చివరికి పెరుగు. కడుపులో పట్టేదే ఒక టీ గ్లాసంత అయినప్పుడు పొడి అన్నానికే సగం నిండిపోతుంది, పెరుగు దాకా రానే రారు. రోజుకి కనీసం 60 గ్రాముల ప్రోటీన్ అందాలని వైద్యులు చెబుతారు. ఇడ్లీలో రెండు గ్రాములుంటే గొప్ప, గుడ్డులో ఆరు, కప్పు గట్టి పప్పులో ఏడో ఎనిమిదో. వండిన చికెన్ వంద గ్రాముల్లో పాతిక దాటుతుంది, ముప్ఫై గ్రాముల ఎండు మీల్ మేకర్‌లో పదిహేను ఉంటుంది. శాకాహారులకి ఈ లెక్క తేలడం నిజంగానే కష్టం, అందుకే వాళ్లకి ప్రోటీన్ పొడి రాస్తారు. కాబట్టి ముందు గుడ్డో చేపో పనీరో పప్పో ఉత్తిగా తినేయాలి, తర్వాత కూర, చోటుంటే అప్పుడు రెండు ముద్దల అన్నం. కంచం పక్కన నీళ్ల గ్లాసు పెట్టుకునే అలవాటు కూడా పోవాలి. తిన్న అరగంట దాకా నీళ్లు తాగొద్దంటారు.

ఇదంతా ఇంట్లో బాగానే నడుస్తుంది, పెళ్లిలో కుదరదు. పంక్తిలో కూర్చున్నాక సంభాషణ ఇలా ఉంటుంది:

“ఏంటే అలా కోడి కెలికినట్టు కెలుకుతున్నావ్?”

“కడుపు నిండిపోయింది పిన్నీ.”

“ఏం నిండిందే, ఇందాకట్నుంచి చూస్తున్నా. మొహం చూడు ఎలా పీక్కుపోయిందో. ఆ బూరె ఒక్కటీ తిను, నా మీద ఒట్టే.”

పిన్ని ప్రేమకి సైన్సులో మందు లేదు గానీ, ముందే అనుకున్న జవాబుకి బలముంటుందని మాత్రం సైన్సు చెబుతుంది. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఏళ్లపాటు పరిశోధించింది దీన్నే. ‘తక్కువ తింటాను’ అనే గట్టి సంకల్పం కన్నా ‘ఇలా జరిగితే అలా చేస్తాను’ అని ముందే ముడిపెట్టుకున్న నిర్ణయం ఎక్కువగా అమలవుతుంది. బూరె వేస్తే చిటికెడు తుంచుకుని మిగతాది పక్కనున్న పిల్లాడికిస్తాను. కూర్చోగానే పెరుగు గిన్నె అడిగి ముందు అదే తింటాను. ఇలా ఇంటి దగ్గరే అనుకుని వెళ్లాలి, అక్కడ కూర్చుని ఆలోచించడానికి టైముండదు. బైపాస్ అయినవాళ్లు మొహమాటానికి పోయి రెండు బూరెలు లాగించేస్తే అరగంటలోపే చెమటలు, గుండె దడ, కడుపులో మెలిక మొదలవ్వచ్చు. తీపి ఒక్కసారిగా పేగుల్లోకి దిగిపోవడంవల్ల వచ్చే తిప్పలవి. డంపింగ్ అంటారు.

పెళ్లిళ్లలో ఇంకొకటి కూడా పోస్తారు. బైపాస్ తర్వాత మందు చాలా త్వరగా రక్తంలోకి ఎక్కుతుంది. అమెరికాలో పది ఆసుపత్రుల్లో 1945 మందిని గమనించి 2012లో వెల్లడించిన ఫలితాల్లో, మద్యంతో ఇబ్బంది పడేవాళ్లు ఆపరేషన్‌కి ముందు ఏడాదిలో 7.6 శాతం, తర్వాత మొదటి ఏడాదిలో 7.3 శాతం. రెండో ఏడాదికి 9.6 శాతమయ్యారు. చూడండి, ఇక్కడా రెండో ఏడాదే.

నడక గురించి అందరూ చెబుతారు కాబట్టి నేను కండ గురించి చెబుతాను. బరువు వేగంగా తగ్గేటప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. కుర్చీ చేతులు పట్టుకోకుండా లేవగలుగుతున్నారా, నిండు నీళ్ల బిందె ఎత్తగలుగుతున్నారా అన్నది కిలోల కన్నా మంచి ఆనవాలు. ప్రోటీన్ తినడం, వారంలో రెండు మూడుసార్లు బరువులెత్తడమో, గుంజీళ్ల లాంటివి చేయడమో కలిస్తేనే కండ నిలుస్తుంది. మూడో నెల నుంచి ఆరో నెల దాకా జుట్టు ఊడితే కంగారు పడక్కర్లేదు, సాధారణంగా తిరిగొస్తుంది.

ఆపరేషన్ తర్వాత రాసే విటమిన్ మాత్రల సంగతికి మాత్రం కంగారు పడాల్సిందే. బీ12 పేగుల్లో ఇంకాలంటే కడుపు గోడల్లో తయారయ్యే ఒక పదార్థం తోడు కావాలి. కడుపే పోయినప్పుడు అది తగ్గుతుంది. చిక్కేమిటంటే కాలేయంలో బీ12 నిల్వలు కొన్నేళ్లకి సరిపడా ఉండచ్చు. మాత్రలు మానేసినా ఏడాదిపాటు ఏమీ కాదు. ‘చూశావా, లేకపోయినా బాగానే ఉన్నా’ అనుకుంటారు. ఆ తర్వాత ఎప్పుడో పాదాల్లో తిమ్మిర్లు, మతిమరుపు. మన శాకాహారుల్లో చాలామందికి అసలు మొదట్నుంచే ఆ నిల్వ తక్కువ. ఐరన్ మాత్రని టీతో వేసుకుంటే సరిగా ఒంటికి పట్టదు, కాల్షియంతో కలిపి వేసుకున్నా అంతే, రెంటికీ మధ్య రెండు గంటలుండాలి. రోజుల తరబడి వాంతులవుతుంటే అది మామూలు అజీర్తి అనుకోకూడదు. థయమిన్ అనే బీ1 విటమిన్ అడుగంటి మెదడు దెబ్బతినే ప్రమాదముంది. అలాంటప్పుడు పక్క వీధి క్లినిక్‌లో థయమిన్ ఇవ్వకుండా ఉత్త గ్లూకోజ్ సెలైన్ ఎక్కిస్తే పరిస్థితి ఇంకా విషమించవచ్చు.

బరువు పెరగడం మొదలవగానే మనవాళ్లు చేసే మొదటి పని డాక్టరుకి కనిపించకుండా తిరగడం. లక్షలు పోసి చేయించుకున్నాను, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్లను అని. ఈ సిగ్గుకి కొంతవరకు ఆ ఫొటోల ప్రకటనలే కారణమని నేననుకుంటాను. అయిదారు కిలోలు వెనక్కి రావడం ఈ జబ్బు తీరులో భాగమని ముందే చెప్పి ఉంటే జనం మూడు కిలోలప్పుడే వచ్చేవాళ్లు. అప్పుడైతే చేయడానికి చాలా ఉంది. మిగిలిన కడుపు గొట్టం సాగిందేమో ఎండోస్కోపీతో చూడచ్చు, తిండి డైరీ తిరగేయచ్చు, కుంగుబాటు ఉందేమో కనుక్కోవచ్చు, మందులు వాడచ్చు. 2025లో మన దేశంలోకి వచ్చిన మౌంజారో, వెగోవీ ఇంజెక్షన్లు పనిచేసేది ఆపరేషన్ తర్వాత పెరిగే ఆ పేగు హార్మోన్ల దారిలోనే. ఆపరేషన్ అయినవాళ్లు మళ్లీ ఇంజెక్షన్ వేసుకోవడం ఓటమేమీ కాదు. అయితే వెగోవీలో ఉండే సెమాగ్లూటైడ్ అనే మందు మానేసినవాళ్లని గమనిస్తే, తగ్గిన బరువులో మూడింట రెండొంతులు ఏడాదిలోనే తిరిగొచ్చింది. మొదలుపెట్టే ముందే ఎన్నాళ్లు వాడాలో డాక్టరుతో మాట్లాడుకోవాలి.

ఇంకొక్క పని, రెండు నిమిషాలది. ఏ ఆపరేషన్ అయింది, ఏ సంవత్సరంలో, ఎక్కడ అన్నది ఒక చీటీ మీద రాసి పర్సులో, ఫోనులో ఉంచుకోవాలి. బైపాస్ అయినవాళ్లు మోకాళ్ల నొప్పికి మందుల షాపులో అడిగి ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వేసుకుంటే కడుపు అతుకు దగ్గర పుండు పడచ్చు. గర్భిణులకి షుగరు పరీక్ష కోసం తాగించే గ్లూకోజు నీళ్లు బైపాస్ అయినవాళ్లకి డంపింగ్ తెప్పించవచ్చు, బదులుగా వారంపాటు ఇంట్లో వేలి రక్తంతో చూసుకునే పద్ధతి ఉంది. ఈ సంగతులు చూసే డాక్టరుకి తట్టాలంటే, పదేళ్ల కిందటి ఆపరేషన్ గురించి ఆయనకి ఎవరో ఒకరు చెప్పాలి.