పాత లారీ క్యాబిన్, కొత్త ఛాసిస్: అపోహలు – వాస్తవాలు

టెల్కో (నేటి టాటా మోటార్స్), జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ సంస్థల మధ్య 1954లో కుదిరి 1969లో ముగిసిన ఒప్పందం కింద జంషెడ్‌పూర్‌లో తయారైన ముక్కు లారీలంటే (బానెట్ ముందుకు పొడుచుకొచ్చినవి) వరంగల్, కరీంనగర్ ప్రాంతాల పాత డ్రైవర్లకు, యజమానులకు నేటికీ ఎంతో మమకారం. అలాంటి లారీ క్యాబిన్‌ను బాగుచేయించి, నేటి ఛాసిస్ (ఇంజిన్, చక్రాలు అమర్చే అడుగు చట్రం) మీద నిలబెట్టాలని కోరుకునేవారు మా షెడ్డుకు వస్తుంటారు. కోరిక మంచిదే. అయితే కొన్ని నమ్మకాలను ముందే సరిచేసుకోకపోతే డబ్బుతో పాటు పాత రేకు కూడా పాడవుతుంది. డబ్బు మళ్లీ సంపాదించవచ్చు గానీ ఆ రేకు మళ్లీ దొరకదు.

అపోహ: పొడవు, వెడల్పు సరిపోతే ఏ ఛాసిస్ అయినా పనికొస్తుంది.

వాస్తవం: ముక్కు లారీలో ఇంజిన్ డ్రైవర్‌కు ముందు ఉంటుంది, నేటి లారీల్లో చాలావాటికి డ్రైవర్ ఇంజిన్ పక్కనో, పైనో కూర్చుంటాడు. అందువల్ల క్యాబిన్‌ను ఇంజిన్ వెనక్కి జరిపినప్పుడు స్టీరింగ్, పెడళ్లు, గేర్ రాడ్ అన్నీ దానితో పాటే జరగాలి. ఇంటర్‌కూలర్‌తో (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని చల్లబరిచే భాగం) కూడిన నేటి వెడల్పాటి రేడియేటర్ పాత ఇరుకు బానెట్‌లో పట్టదు. స్టీరింగ్ షాఫ్ట్‌ను కోసి అతికించడాన్ని మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోకూడదు.

అపోహ: ఛాసిస్‌లో బలం తక్కువ అనిపించిన చోట మందపాటి ప్లేటు వెల్డింగ్ చేస్తే సరిపోతుంది.

వాస్తవం: నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరమైన నమ్మకం ఇదే. ఛానెల్ (ఛాసిస్‌లోని పొడవాటి ఉక్కు దూలం) బరువుకు వంగినప్పుడు ఒత్తిడి ఎక్కువగా దాని పై, కింది ఫ్లాంజ్‌ల (అడ్డంగా ఉండే అంచుల) మీదే పడుతుంది కాబట్టి, అక్కడ రంధ్రం వేసినా, వెల్డింగ్ చేసినా పగులుకు మనమే దారి ఇచ్చినట్లవుతుంది. పైగా నేటి హై టెన్సైల్ (ఎక్కువ లాగుడును తట్టుకునే) ఉక్కు, వెల్డింగ్ వేడి తగిలిన మేర తన బలాన్ని కొంత కోల్పోతుంది. ప్లేటు హఠాత్తుగా ఆగిన చోటే పగులు పుడుతుంది: మొదట పెయింట్ మీద వెంట్రుక మందాన ఒక గీత, దాని పక్కన ఎర్రటి తుప్పు చార, ఆ తరువాత తెరుచుకునే ఛానెల్ అంచు. బ్రాకెట్లను ఛానెల్ నిలువు భాగానికి, వీలైతే కంపెనీ వేసిన రంధ్రాలలోనే, హై టెన్సైల్ బోల్టులతో బిగించాలి. అదనపు ప్లేటు తప్పనిసరైతే దాని కొసలను ఏటవాలుగా కోయాలి. తయారీ సంస్థలు లారీ బాడీలు కట్టేవారి కోసం ఇచ్చే పుస్తకాల్లో ఈ విషయాలన్నీ ఉంటాయి. కానీ వాటిని తెరిచి చూసేవారు తక్కువ.

అపోహ: క్యాబిన్‌ను ఎంత గట్టిగా బిగిస్తే అంత మంచిది.

వాస్తవం: లారీ ఛాసిస్ మెలితిరిగేలాగే తయారవుతుంది. గ్రానైట్ క్వారీ దారిలో ఒక చక్రం గుంతలో, మరొకటి రాయి మీద ఉన్నప్పుడు ఆ మెలిక నేరుగా క్యాబిన్‌కు చేరితే, తలుపు స్తంభం పైమూలలో రేకు చిరుగుతుంది, అద్దం పగులుతుంది. రబ్బరు బుష్‌లు తప్పనిసరి. ముందు రెండు, వెనుక మధ్యలో ఒకటి చొప్పున మూడు చోట్ల ఆనించే పద్ధతి నాకు నచ్చుతుంది. పెయింట్ వేయకముందే ముందు చక్రాల్లో ఒకదాన్ని చెక్క దిమ్మె మీదికి ఎక్కించి రెండు తలుపులూ తెరిచి, మూసి చూడండి. ఏ తలుపు పట్టేసినా మౌంటింగ్ (క్యాబిన్ ఆనిన చోట్ల బిగింపు) మళ్లీ చూడాల్సిందే.

అపోహ: వైరింగ్ పని చివర చూసుకోవచ్చు.

వాస్తవం: 12 వోల్టుల మీటర్లు, వైపర్ మోటారు 24 వోల్టుల ఛాసిస్‌కు నేరుగా కలిపితే కాలిపోతాయి. 2020 ఏప్రిల్ 1 తరువాతి బీఎస్-6 (పొగ కాలుష్య ప్రమాణం) బండ్లలో సెన్సార్లు, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) ఉంటాయి కనుక బ్యాటరీ, ఈసీయూ కనెక్షన్లు తీయకుండా వెల్డింగ్ మొదలుపెట్టకూడదు.

అపోహ: 50 ఏళ్లు దాటితే వింటేజ్ రిజిస్ట్రేషన్ వస్తుంది.

వాస్తవం: కేంద్రం 2021లో తెచ్చిన వింటేజ్ నిబంధనలు ద్విచక్ర వాహనాలకు, కార్ల తరగతికి చెందిన వాహనాలకు మాత్రమే వర్తిస్తాయి; సరుకు లారీలకు వర్తించవు. అక్కడ కూడా ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్చని వాహనాలకే అవకాశం. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు ఆర్సీ వివరాలు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా దీన్ని స్పష్టం చేసింది. అందువల్ల రోడ్డెక్కించే ఉద్దేశం ఉన్నవారు పని మొదలుపెట్టకముందే ఆర్టీఏ నుంచి రాతపూర్వక సమాధానం తీసుకోవాలి. ప్రదర్శన కోసమే అయితే అసలు ఛాసిస్‌నే ఉంచి బాగుచేయించుకోవడం మేలని నా అభిప్రాయం. పాత ఛాసిస్ నంబరును కొత్త ఛాసిస్ మీద కొట్టించడం నేరం. పాత నంబరు ప్లేటును, ఆర్సీని ఫొటోలతో సహా భద్రపరచండి.