ఈస్టరు తేదీ ఎందుకు మారుతుంది, బూడిద అందరూ ఎందుకు పెట్టుకోరు

2024లో ఈస్టరు మార్చి 31న వచ్చింది. 2025లో ఏప్రిల్ 20, 2026లో ఏప్రిల్ 5. ఒడిశాలోని రాయగడలో గానీ పర్లాకిమిడిలో గానీ చర్చి క్యాలెండరు వేసేవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఈ తేదీనే. అది తేలితే నుదుటికి బూడిద రాసే బూడిద బుధవారం నుంచి, ఈస్టరు తర్వాత ఏడు వారాలకు వచ్చే పెంతెకొస్తు పండుగ దాకా అన్నీ వాటంతటవే తేలిపోతాయి.

ఈ తేదీ మీద తగాదా పాతదే. రెండో శతాబ్దంలో ఆసియా మైనరు (నేటి టర్కీ) క్రైస్తవ సంఘాలు యూదుల నీసాను నెల 14న, ఏ వారమైనా సరే, పండుగ చేసేవి. రోము మాత్రం ఆదివారమే కావాలంది. అందరూ ఒకే రోజున చేయాలని 325లో బిషప్పుల నైసియా సభ తీర్మానించింది. చివరికి నిలిచిన లెక్క ఇది: మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పున్నమి దాటాక తొలి ఆదివారం. అందుకే ఈస్టరు మార్చి 22కి ముందు రాదు, ఏప్రిల్ 25 దాటదు.

హోలీ పున్నమో చైత్ర పున్నమో చూసుకుని తరువాతి ఆదివారం అనుకుంటే చాలాసార్లు సరిపోతుంది. 2019లో మాత్రం కుదరలేదు. మార్చి 21న హోలీ, కాబట్టి 24న ఈస్టరు కావాలి; అయింది ఏప్రిల్ 21న. చర్చి చూసేది ఆకాశంలో చంద్రుణ్ని కాదు, తన పట్టికను. ఆ పట్టికలో పున్నమి మార్చి 20నే పడిపోయింది, దాంతో మరో నెల ఆగాల్సి వచ్చింది.

ఈస్టరుకు 46 రోజుల ముందు బూడిద బుధవారం. మధ్యలో ఆరు ఆదివారాలు తీసేస్తే, ఈస్టరుకు ముందు ఉపవాస ప్రార్థనల శ్రమకాలం 40 రోజులు. బూడిదకు నిరుటి మట్టల ఆదివారం (ఈస్టరుకు ముందటి ఆదివారం) ఆకులు కాలుస్తారు. పచ్చి మిగిలితే బొగ్గు ముక్కలు పడి నుదుటికి అంటదు; బాగా ఎండబెట్టి, కాల్చి, జల్లెడ పట్టాలి. నీళ్లు కలపడం పెద్ద పొరపాటు: ఆకు బూడిదలోని క్షారం తడిస్తే చర్మం మండుతుంది, బొబ్బలు కూడా రావచ్చు. పొడిగానే చల్లాలి, లేదా ఒకటి రెండు చుక్కల నూనె చాలు.

ఇక ఏ సంఘానికి ఈ పండుగల కాలచక్రం ఎంత దక్కిందన్నది ఏ మిషన్ వచ్చిందన్నదాన్ని బట్టి. జర్మనీలోని బ్రెక్లుమ్ మిషన్ వాళ్లు 1882లో కోరాపుట్ వైపు వచ్చారు. వాళ్లు లూథరన్లు, అంటే సంస్కర్త మార్టిన్ లూథర్ బాటవాళ్లు. లూథర్ క్రిస్మసుకు ముందటి ఆగమన కాలాన్ని, శ్రమకాలాన్ని ఉంచాడు గనక ఊదా, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ గుడ్డలు కాలాన్ని బట్టి చర్చిలోని బల్లమీద మారుతూనే ఉంటాయి. బూడిద రాయడం మాత్రం లూథరన్లు చాలాచోట్ల మానేశారు. 2016లో ఏర్పడిన రాయగడ మేత్రాసనంలోని (బిషప్పు పరిధిలోని) కతోలికులకు బూడిదా ఉంది, రంగులూ ఉన్నాయి. పర్లాకిమిడి వైపు పనిచేసింది కెనడా బాప్టిస్టులు. బాప్టిస్టు సంప్రదాయంలో కాలాలూ లేవు, రంగులూ లేవు. అయినా తెలుగు బాప్టిస్టు సంఘాలు చాలావాటిలో ఇప్పుడు నలభై రోజుల శ్రమదినాల కూడికలు జరుగుతున్నాయి. బూడిద మాత్రం ముట్టరు.