ప్రాక్స్‌మాక్స్ స్టోరేజ్: అపోహలు - వాస్తవాలు

అపోహ: వీఎమ్ (వర్చువల్ మెషీన్లను నడిపే ప్రాక్స్‌మాక్స్ సర్వర్ మీది ఒక మెషీన్) ఫైల్‌సిస్టమ్ రీడ్-ఓన్లీ అయింది, కానీ లోపల సగం డిస్క్ ఖాళీగానే ఉంది, కాబట్టి ఇది స్థలం సమస్య కాదు.

వాస్తవం: వీఎమ్ డిస్కులు ఉండే లోకల్-ఎల్‌వీఎమ్ అనేది థిన్ పూల్, అంటే ముందే చోటు కేటాయించకుండా, రాసినప్పుడు మాత్రమే ఇచ్చే ఉమ్మడి నిల్వ. 500 జీబీ పూల్ మీద 100 జీబీ డిస్కులు పది పెట్టినా హెచ్చరిక వస్తుందే తప్ప పని ఆగదు. పూల్ నిండాక కెర్నెల్ రాతలను డిఫాల్ట్‌గా 60 సెకన్లు ఆపి ఉంచుతుంది, ఆ తర్వాత ఎర్రర్ ఇస్తుంది. అప్పుడు గెస్ట్‌లో, అంటే వీఎమ్ లోపలి సిస్టమ్‌లో, ఫైల్‌సిస్టమ్ రీడ్-ఓన్లీ కావచ్చు. పూల్‌లో చోటు చేయకుండా గెస్ట్‌లో ఫైల్‌సిస్టమ్‌ను సరిచేసే ఎఫ్‌ఎస్‌సీకే నడిపి లాభం లేదు.

హోస్ట్ (ప్రాక్స్‌మాక్స్ నడుస్తున్న సర్వర్) షెల్‌లో ఎల్‌వీఎస్ కమాండ్ కొట్టి డేటా శాతంతోపాటు మెటా శాతం (ఏ బ్లాకు ఎవరిదో పూల్ రాసుకునే మెటాడేటా ఎంత నిండిందో) కూడా చూడండి. అసలు ప్రమాదం రెండోదానితోనే. మెటాడేటా నిండిందంటే పూల్‌ను రిపేర్ చేయాల్సి వస్తుంది, ఆ రిపేర్ ప్రతిసారీ ఫలిస్తుందన్న నమ్మకం లేదు. మెటా 80 శాతం దాటగానే ఎల్‌వీఎక్స్‌టెండ్ కమాండ్‌కు పూల్‌మెటాడేటాసైజ్ ఆప్షన్‌తో ప్లస్ 1జీ ఇచ్చి పెంచండి. దానికి వాల్యూమ్ గ్రూప్‌లో (పూల్, రూట్ రెండూ చోటు తీసుకునే మొత్తం నిల్వలో) ఖాళీ ఉండాలి. పెద్ద డిస్కుల మీద ఇన్‌స్టాలర్ 16 జీబీ వదిలిపెట్టేది ఇలాంటి అవసరాలకే. వృథాగా పడి ఉందని దాన్ని రూట్‌కు (ప్రాక్స్‌మాక్స్ సిస్టమ్ ఉండే పార్టిషన్‌కు) కలిపేయకండి.

అపోహ: గెస్ట్‌లో ఫైళ్లు తీసేస్తే పూల్‌లో స్థలం తిరిగొస్తుంది.

వాస్తవం: దానంతట అది రాదు. వర్ట్‌ఐఓ స్కజీ కంట్రోలర్ పెట్టి, డిస్క్ సెట్టింగ్స్‌లో డిస్కార్డ్ టిక్ చేసి, వీఎమ్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేసి మళ్లీ స్టార్ట్ చేయాలి. గెస్ట్ లోపలి నుంచి రీబూట్ చేస్తే చాలదు. ఆ తర్వాత గెస్ట్‌లో ఖాళీ బ్లాకులను పూల్‌కు తిరిగిచ్చే ఎఫ్‌స్ట్రిమ్ మైనస్ ఏవీ కమాండ్ నడపాలి. అయినా తగ్గకపోతే పాత స్నాప్‌షాట్లు ఆ బ్లాకులను పట్టుకుని ఉన్నాయేమో చూడండి. డిటాచ్ చేసిన డిస్క్ కూడా అన్‌యూజ్డ్ పేరుతో అలాగే ఉంటుంది.

అపోహ: డైరెక్టరీ స్టోరేజ్ యాక్టివ్ అని ఉంటే బ్యాకప్ డిస్క్ మౌంట్ అయినట్టే.

వాస్తవం: ఫోల్డర్ ఉంటే చాలు, యాక్టివ్ అనే చూపిస్తుంది. డిస్క్ మౌంట్ కాని రాత్రి బ్యాకప్‌లన్నీ రూట్ పార్టిషన్‌లో పడతాయి. రూట్ నిండితే ఈటీసీ కింది పీవీఈ ఫోల్డర్‌లో ఏదీ రాయలేం, వెబ్ లాగిన్ కూడా పోతుంది. తర్వాత డిస్క్ మౌంట్ చేస్తే ఆ ఫైళ్లు దాని కింద దాగిపోతాయి, ఫైళ్ల సైజులు కూడే డీయూ కమాండ్ లెక్కలో కనిపించవు. పార్టిషన్ ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ మాత్రం 100 శాతం అంటూనే ఉంటుంది. ఇంకో ఖాళీ ఫోల్డర్‌కు రూట్‌ను బైండ్ మౌంట్ చేసి (అదే రూట్‌ను అక్కడ కూడా చూపించి), అందులోంచి ఆ దారిలోకి వెళ్తే బయటపడతాయి. ఇకముందు ఇలా జరగకుండా స్టోరేజ్ డాట్ సీఎఫ్‌జీ ఫైల్లో ఆ స్టోరేజ్ కింద ఈజ్-అండర్‌స్కోర్-మౌంట్‌పాయింట్ యెస్ అని చేర్చండి. డిస్క్ లేని రోజు బ్యాకప్ ఎర్రర్‌తో ఆగిపోతుంది, రూట్ జోలికి పోదు.

అపోహ: షేర్డ్ టిక్ పెడితే లోకల్ స్టోరేజ్ అన్ని నోడ్‌లకూ (క్లస్టర్‌లోని సర్వర్లకూ) అందుతుంది.

వాస్తవం: నెట్‌వర్క్‌లో పంచుకునే ఎన్‌ఎఫ్‌ఎస్ మౌంట్ లాగా నిజంగానే అందరికీ అందే చోటుకు ఆ టిక్ ఒక గుర్తు మాత్రమే. లోకల్ డిస్క్ మీద పెడితే మైగ్రేషన్‌లో (వీఎమ్‌ను ఇంకో నోడ్‌కు మార్చేటప్పుడు) డిస్క్ ఇమేజ్ కాపీ కాదు, కాన్ఫిగ్ ఒక్కటే అవతలి నోడ్‌కు వెళ్తుంది, వీఎమ్ అక్కడ లేవదు. అలా జరిగితే కంగారుపడి ఏదీ డిలీట్ చేయకండి. ఇమేజ్ పాత నోడ్‌లోనే భద్రంగా ఉంటుంది. వీఎమ్ ఆగి ఉందని చూసుకుని, దాని కాన్ఫ్ ఫైల్‌ను కొత్త నోడ్ క్యూఈఎమ్‌యూ-సర్వర్ ఫోల్డర్ నుంచి పాత నోడ్ ఫోల్డర్‌లోకి ఎమ్‌వీతో తిరిగి మార్చండి. షేర్డ్ టిక్ తీసేశాకే మళ్లీ మైగ్రేట్ చేయండి.