అటకమీది పెట్టె, కొలువు మెట్లు

చిరంజీవులు పిల్లలకు,

మైలాపూరు నుంచి తాతయ్య ఆశీస్సులు.

దసరా వస్తోంది కదా, మొన్న ఆదివారం అటకమీంచి కొలువు బొమ్మల పెట్టె దింపాం. నేను పాత చీరముక్కలు విప్పి ఒక్కో బొమ్మా బయటికి తీస్తుంటే, ఆరో తరగతి చదివే మా మనవరాలు టాబ్ పట్టుకొచ్చి పక్కన కూర్చుంది. తెరమీద ఒక అమరావతి శిల్పం. వేలితో తోస్తే తిరుగుతోంది. రెండు వేళ్ళు విడదీస్తే ఉలిగాట్లు కనిపించేంత దగ్గరికి వస్తోంది.

"తాతయ్యా, ఫొటో తీసి పెట్టేస్తే సరిపోయేది కదా! ఇలా తిప్పడం, నొక్కితే కథ రావడం, ఇదంతా ఎందుకు?" అని అడిగింది.

అప్పుడు నా చేతిలో కొండపల్లి అంబారీ ఏనుగు ఉంది. "ఇది పెట్టెలో భద్రంగానే ఉండేది కదా, మరి కొలువెందుకు పెడుతున్నాం?" అన్నాను. అది కాసేపు ఆలోచించి, ఏనుగును అందుకుని మెట్టుమీద పెట్టింది. మీకు మాత్రం ఇంకొంచెం వివరంగా రాస్తాను.

పాత తాళపత్రాన్నో రాతి శిల్పాన్నో ఫొటో తీసి కంప్యూటర్లో దాచడం పెట్టెలో సర్దడం లాంటిది. అదేమీ తక్కువ పని కాదు. గుడ్డ చుట్టాలి, చెద పట్టకుండా చూడాలి, ఏ బొమ్మ ఏదో చీటీ రాసి కట్టాలి. చీటీ లేని ఫొటో లక్ష ఫొటోల మధ్య ఉన్నా లేనట్టే. కొలువు పెట్టడం ఆ తరవాతి పని. ఏ బొమ్మ పక్కన ఏది ఉండాలో ఆలోచించాలి. దశావతారాల వరస తప్పకూడదు. పేరంటానికి వచ్చిన పిల్ల "ఈవిడెవరు?" అని వేలు చూపిస్తే ఆ కథ చెప్పాలి. ఇంకో పిల్ల ఏనుగును చూపిస్తే ఏనుగు కథ ఎత్తుకోవాలి. అడిగేవాళ్ళను బట్టి కథ దారి మారుతుంది. నొక్కితే తెరుచుకునే ఆ పేజీ చేసేదీ ఇదే.

రాయి తెరమీద ఎలా తిరుగుతుందంటారా? కెమెరాతో దాని చుట్టూ ప్రదక్షిణ చేస్తూ వందల ఫొటోలు తీస్తారు. ఒకే పెచ్చు పది ఫొటోల్లో పది వైపుల నుంచి కనిపిస్తుంది. దాన్ని పట్టుకుని అది ఎక్కడ ఉబ్బిందో ఎక్కడ లోతో కంప్యూటరు లెక్క కడుతుంది. పెద్ద ఫొటోలనైతే చిన్న చిన్న గళ్ళుగా కోసి ఉంచి, మీరు చూస్తున్న గడిని మాత్రమే పంపుతారు. ఒక్క బొమ్మ అడిగితే పెట్టె మొత్తం కుమ్మరించరు కదా.

మా నాయనమ్మ దగ్గర ఒక బొమ్మ ఉండేది. చెక్కతో చేసిన ఆడమనిషి, నెత్తిన మూట. తెనాలిలో ఏటా మూడో మెట్టుమీద, కుడిచేతి చివర పెట్టేవాళ్ళం. ఆమె గురించి నాయనమ్మ ఏదో చెప్పేది. ఆమె ఎవరి ఇంటికో వెళుతోందనీ, దారిలో వాన పట్టుకుందనీ. నా మనసంతా శనగల మీద ఉండేది, సరిగా వినలేదు. చీటీ మీద పెన్సిలు రాత చెరిగిపోయింది. నాయనమ్మా పోయింది. మూటలో ఏముందో ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు. నాకు డెబ్బై నాలుగేళ్ళు. ఏటా ఆమెను మెట్టెక్కించేటప్పుడు నా గుండె కలుక్కుమంటుంది. పెద్దవాళ్ళు కథ చెబుతుంటే వినండర్రా. ఫోన్‌లో రికార్డు చేసుకున్నా తప్పులేదు.

అమరావతి రాళ్ళకూ ఇలాంటి కష్టమే వచ్చింది. గొప్ప బౌద్ధ స్తూపం అది. శిథిలమయ్యాక దాని రాళ్ళను కొందరు కట్టడాలకు పట్టుకుపోయారు, కొందరు సున్నానికి కాల్చేశారు. 1816లో కాలిన్ మెకంజీ అనే సర్వేయరు దొర అక్కడికొచ్చి రాళ్ళ బొమ్మలు గీయించాడు. వాటిలో కొన్ని రాళ్ళు తరవాత పోయాయి, కాగితం మీది గీతలే మిగిలాయి. 1845లో వాల్టర్ ఇలియట్ అనే కంపెనీ ఉద్యోగి తవ్వించి రాళ్ళను మద్రాసు చేర్చాడు. 1859లో వాటిలో 121 లండన్‌కు ఓడెక్కాయి. ఇప్పుడు కొన్ని అక్కడ, కొన్ని మన చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో, కొన్ని అమరావతిలోనే. ఒకే ఇంటి బొమ్మలు వేరువేరు ఇళ్ళ అటకలమీద ఉన్నాయన్నమాట. వాటన్నిటినీ ఒక కొలువులో కూర్చోబెట్టడం తెరమీదైతే కుదురుతుంది. మెకంజీ గీయించిన బొమ్మ పక్కన ఆ రాయినీ పెట్టొచ్చు. అది తలుచుకుంటేనే నాకు సంతోషంగా ఉంటుంది.

లండన్‌లోని రాళ్ళలో ఒకటి మరీ చిత్రం. దానికి రెండు వైపులా శిల్పమే. ఒకవైపు బోధివృక్షం, ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కుతున్న జనం. కొన్ని వందల ఏళ్ళ తరవాత ఎవరో శిల్పి అదే రాయిని వెనక్కి తిప్పి, రెండోవైపు స్తూపాన్నే చెక్కాడు. గోడకు ఆనించిన రాయికి వీపు కనిపించదు. తెరమీద మీ వేలే దాన్ని తిప్పుతుంది. ఆ శిల్పి కూడా అలాగే తిప్పి చూసుకుని ఉంటాడు కదా!

ఒక జాగ్రత్త చెప్పాలి. విరిగిన చోట కంప్యూటరుతో పూరించి అందంగా చూపించవచ్చు. పూరించిన ముక్క రంగు మాత్రం వేరేగా ఉండాలి. చెయ్యి విరిగిన కృష్ణుడికి నాయనమ్మ శాలువా కప్పేది, కానీ అడిగితే తీసి చూపించేది.

ఇక మీరు చేయవలసిన పని. ఎగ్మూరు మ్యూజియానికి వెళ్ళండి. శుక్రవారం మూసి ఉంటుంది, ఆ రోజు వద్దు. అమరావతి శిల్పాల్లో గుండ్రటి రాయి ఒకటుంది, మదించిన నలగిరి ఏనుగు బుద్ధుడి ముందు శాంతించిన కథ. అందులో ఏనుగులెన్నో లెక్కపెట్టండి. అవి వేరువేరు ఏనుగులో, అన్నీ ఒకటేనో మీలో మీరు తేల్చుకోండి. పైనుంచి చూస్తున్నవాళ్ళ ముఖాలు మరిచిపోవద్దు. ఇంటికొచ్చాక అదే రాయిని తెరమీద దగ్గరికి లాక్కుని, అక్కడ తప్పిపోయినవి ఏమిటో నాకు రాయండి.

నవరాత్రుల్లో మా ఇంటికి రండి, శనగలు ఉంటాయి. మూట బొమ్మ మూడో మెట్టుమీదే ఉంటుంది, కుడిచేతి చివర.

ఇట్లు,
మీ తాతయ్య