ఇనుప కీల్, ఉప్పు నీరు: సెకండ్ హ్యాండ్ బోటు కొనేవాళ్ళకి ఉండే అపోహలు

ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్ దగ్గర ఒక బోట్ యార్డులో కీల్ పనులు చేస్తుంటాను. గాలి వాటుకి తెరచాప పడవ తిరగబడకుండా అడుగున బరువుగా దిగి ఉండే లోహపు రెక్కే కీల్. కొన్ని బోట్లకి సీసంతో చేస్తారు. ఇక్కడ మా దగ్గరికి వచ్చేవాటిలో చాలావరకు పోత ఇనుమే. ఈ మధ్య ఒక తెలుగు తమ్ముడు సెకండ్ హ్యాండ్ బోటు కొనబోతూ ఫోన్ చేశాడు. అతను అడిగినవన్నీ నేను యార్డులో రోజూ వినేవే.

అపోహ: "పైన కాస్త ఎర్రబడింది అన్నా, అంతే. గీకి రంగు వేస్తే సరిపోతుంది కదా?"

ఎర్రగా కనపడే తుప్పు నయం, కనీసం ఉందని తెలుస్తుంది. పోత ఇనుములో గ్రాఫైట్ పొరలు కలిసి ఉంటాయి. ఉప్పు నీరు ఇనుమును కరిగించుకుపోతుంది, గ్రాఫైట్ మాత్రం అక్కడే ఉండిపోతుంది. ఆకారం చెక్కుచెదరదు, పైన రంగు కూడా బాగానే ఉంటుంది, లోపల మాత్రం బలం ఉండదు. కిందటేడు ఒక కీల్ అడుగు అంచున నల్లటి మచ్చ మీద చాకు మొన పెట్టి నొక్కితే మూడు మిల్లీమీటర్లు దిగింది. పెన్సిల్ చెక్కితే రాలేలాంటి నల్లపొడి చేతికంటింది. ఆ బోటు ఓనరు ఏటా తప్పకుండా రంగు వేయించే మనిషి.

అందుకే వైర్ బ్రష్‌తో రుద్దడం పని కిందకి రాదు, అది తుప్పును నున్నగా చేస్తుందంతే. గ్రిట్ బ్లాస్టింగ్ చేసి, అంటే గరుకు రేణువుల్ని గాలి ఒత్తిడితో కొట్టించి, ఆ మెత్తబడిన పొరంతా పోయి బూడిదరంగు ఇనుము బయటపడాలి. అక్కడితో కూడా అయిపోదు. గుంటల్లో ఉప్పు మిగిలి ఉంటుంది. బ్లాస్టింగ్ అయిన కాసేపటికే అక్కడక్కడా చుక్కలు చుక్కలుగా రంగు మారుతుంటే అది ఉప్పే అనుకోండి. మంచినీళ్ళతో ప్రెషర్ పెట్టి కడిగి, బాగా ఆరనిచ్చి, మళ్ళీ ఒకసారి పైపైన బ్లాస్ట్ చేయాలి. ఇనుము వేడి డ్యూ పాయింట్ (గాలిలో తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉందని చూసుకుని, అదే రోజు మొదటి కోటు ఎపాక్సీ (నీళ్ళని అడ్డుకునే గట్టి రెజిన్ పూత) పడాలి. రేపు వేద్దాంలే అంటే రాత్రి తేమకే మొత్తం పాడవుతుంది. కోట్లన్నీ ఆరాక మందం 300 మైక్రాన్లకి (0.3 మిల్లీమీటర్లకి) తగ్గకుండా చూసుకుంటాను, అంచుల దగ్గర ఇంకో కోటు ఎక్కువే వేస్తాను. అంచుల మీద రంగు పలచబడుతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది.

రస్ట్ కన్వర్టర్ (తుప్పు మీదే పూసి దాన్ని గట్టి పొరగా మార్చే ద్రవం) గురించి కూడా ఆ తమ్ముడు అడిగాడు. గేటుకో గ్రిల్లుకో పర్లేదు. ఎప్పుడూ నీళ్ళలో ఉండే కీల్‌కి మాత్రం నేను వాడను.

అపోహ: "జింక్ బిళ్ళ ఉంది కాబట్టి టెన్షన్ లేదు."

జింక్ తాను కరిగి ఇనుమును కాపాడే మాట నిజమే. కాకపోతే ఆ బిళ్ళకీ కీల్‌కీ మధ్య కరెంటు పారే దారి ఉండాలి. ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి బిగించిన జింక్, ఫైబర్ బోటులో విడిగా వేలాడే కీల్‌ని కాపాడదు. మల్టీమీటర్‌తో రెండింటి మధ్య రెసిస్టెన్స్ చూడండి, ఒక ఓమ్ లోపే ఉండాలి. జింక్ మీద రంగు వేస్తే అది పనిచేయదు. రెండేళ్ళైనా కొత్తదానిలా మెరుస్తుంటే అది మంచి జింక్ అని కాదు, కనెక్షనే లేదేమో చూడాలి. సగం కరిగిందంటే మార్చేయాలి.

ఎక్కువ బిళ్ళలు పెడితే ఇంకా మంచిదేమో అనుకుంటారు. మోతాదు మించితే ఎపాక్సీ బుడగలు లేచి ఊడుతుంది. ఈ పద్ధతిని 1824లో మొదట పరీక్షించిన ఇంగ్లీషు శాస్త్రవేత్త హంఫ్రీ డేవీకి కూడా ఇలాంటి చిక్కే ఎదురైంది. ఓడల అడుగున రాగిరేకును చిన్న ఇనుప ముక్కలతో కాపాడాడు. రాగి అరగడం ఆగింది, దాంతో నాచు, నత్తలు రేకును పట్టుకున్నాయి. అంతకుముందు వాటిని దూరంగా ఉంచింది ఆ కరిగే రాగే మరి.

నాచు, నత్తలు పట్టకుండా బోటు అడుగున వేసే ఇప్పటి యాంటీఫౌలింగ్ రంగుల్లో చాలావాటిలో రాగే ఉంటుంది. వాటిని ఉత్త ఇనుము మీద నేరుగా వేయకండి, మధ్యలో ఎపాక్సీ పొర తప్పనిసరి.

అపోహ: "కీల్‌ని బోటుకి బిగించే బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలు, వాటికేం కాదు."

నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఈ మాటే. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టకుండా ఉండేది ఆక్సిజన్ వల్ల ఏర్పడే సన్నని పొర వల్ల. కీల్‌కీ బోటు అడుగుకీ మధ్య అతుకులోకి ఉప్పు నీరు చేరి నిలిచిపోతే అక్కడ ఆక్సిజన్ అందదు, పొర పోతుంది. బోల్టు నడుము దగ్గర సన్నబడుతూ వస్తుంది. లోపలివైపు నట్టు మాత్రం తళతళలాడుతూనే ఉంటుంది.

తమ్ముడు పంపిన ఫోటోల్లో కీల్ ముందు అంచున, అతుకు దగ్గర సన్నటి పగులు ఉంది. దాని కింద గోధుమరంగు చార. అమ్మేవాళ్ళు దాన్ని ఫిల్లర్‌తో పూడ్చి రంగు వేస్తామన్నారట. వద్దన్నాను. ముందు ఒక బోల్టు బయటికి తీయించి చూపించమను, కుదరదంటే ధ్వని తరంగాలతో బోల్టు లోపలి స్థితి చూసే అల్ట్రాసోనిక్ టెస్ట్ చేయించమను, ధర సంగతి ఆ తర్వాతే మాట్లాడమని చెప్పాను.