వాలుకొమ్మల హార్న్‌బీమ్ గురించి, చిన్నూకీ బుజ్జికీ

చిన్నూ, బుజ్జీ,

మీ నాన్న గార్డెన్లోకి వీపింగ్ హార్న్‌బీమ్, అంటే కొమ్మలు కిందికి వాలే యూరప్ చెట్టు, తెస్తున్నాడట, దాని గింజ వేస్తే ఇంకోటి వస్తుందా తాతయ్యా అని ఫోన్లో అడిగావు కదా చిన్నూ. మొలుస్తుంది, అదీ ఒక్కోసారి రెండు చలికాలాలు నేలలో పడుకున్నాక, కానీ కొమ్మలు ఇలా కిందికి వాలతాయని గ్యారంటీ లేదు, మామూలుగా పైకి పెరిగే హార్న్‌బీమే రావచ్చు. అందుకే నర్సరీవాళ్ళు మామూలు హార్న్‌బీమ్ మొక్క మీద ఈ రకం పుల్ల తెచ్చి అంటు కడతారు, మనం బంగినపల్లి టెంక పాతకుండా అంటుమొక్క కొంటాం చూడు, అలాగన్నమాట.

కాబట్టి కింద వేళ్ళు ఒకదానివి, పైన కొమ్మలు ఇంకోదానివి. మాను మీద అంటు కట్టిన బుడిపె ఎక్కడుందో ముందే చూసి పెట్టుకోండి, దాని కింద నుంచి నిటారుగా పిలకలు వస్తాయి, ముద్దుగానే ఉంటాయి గానీ జాలిపడొద్దు, లేతగా ఉన్నప్పుడే పీకెయ్యండి, వదిలేస్తే అవి జోరుగా పెరిగి పైనున్న రకాన్ని మింగేస్తాయి.

నాటేది ఆకు రాలాక, నవంబరు నుంచి మార్చి లోపు. మీది బంకమట్టి అని మీ అమ్మ బెంగపడుతోంది, ఈ చెట్టుకి అది లెక్కలోది కాదు. మొదటి రెండు వేసవులు మాత్రం నీళ్ళు మానొద్దు. పెద్ద కొమ్మలు కొయ్యాలంటే నడి చలికాలంలో కొయ్యండి, చలికాలం చివర్లో, చిగురుకి ముందు కోస్తే రసం కారుతూనే ఉంటుంది.

లండన్ పక్కన ఎప్పింగ్ ఫారెస్ట్‌కి వెళ్తే ముసలి హార్న్‌బీమ్‌లు చూడండి, వంటచెరుకు కోసం మనిషెత్తుకి పైన నరుకుతూ వచ్చారు, జింకలకీ పశువులకీ కొత్త చిగుళ్ళు అందకుండా, 1878 చట్టంతో అది ఆగిపోయింది, మానులన్నీ బుడిపెలే. ఆ కర్ర ఎంత గట్టిదంటే పూర్వం పిండిమరల పళ్ళచక్రాల పళ్ళు దాంతో చేసేవాళ్ళు, కసాయివాళ్ళు మాంసం కొట్టే మొద్దులు కూడా.

బుజ్జీ, ఒక మొక్క గుంటూరు పంపుతానన్నావు, వద్దమ్మా, దానికి చలి కావాలి, మన మే నెల ఎండకి బతకదు.

ఊతం కర్రకి కట్టిన తాడు ఏడాదికోసారి వదులు చెయ్యమని నాన్నకి గుర్తు చెయ్యండి, వాడు మర్చిపోతాడు.

తాతయ్య